ప్రభుదాసు తలుపు

మొన్న గాలివాన వచ్చిన మధ్యాహ్నం నేను చేసిన పనికి మా ఆయన నన్ను ఇంకా క్షమించలేదు. ముందురోజు నుంచే ఫోన్లలో హెచ్చరికలు, ఎవరూ బయటికి రావద్దని. బహ్రెయిన్‌లో, జుఫైర్ పేటలో మా ఫ్లాటు బాగా పైఅంతస్తులో ఉంటుంది. ఆకాశం ఇసుక రంగుకి తిరిగి, కిటికీ అద్దాలు వణకడం మొదలవగానే నేను లేచి, గాలి ఎటునుంచి వస్తోందో చూసుకుని, దానికి ఎదురుదిక్కున ఉన్న బాల్కనీ తలుపు బార్లా తెరిచి, పాత చున్నీతో కట్టేశాను. "ఏం చేస్తున్నావే!" అని ఆయన గదిలోంచి కేక. "గాలికి దారి ఇస్తున్నా" అన్నాను. ఆ దారినే వాన వచ్చి సోఫాలో కూర్చుంది, ఇసుక వచ్చి పప్పుగిన్నెలో పడింది. అంతా వెలిశాక బాల్కనీలో ఆకుపచ్చ ప్లాస్టిక్ కుర్చీ ఒకటి బోర్లా పడి ఉంది. చిన్నపిల్లలది. మాది కాదు. "వాచ్‌మన్‌కి ఇచ్చెయ్, పీడా పోతుంది" అన్నారాయన. ఇవ్వలేకపోయాను. ఈ రెండు జబ్బులూ, గాలికి తలుపు తియ్యడమూ, గాలి తెచ్చిన వస్తువుని దాచిపెట్టడమూ, నాకు మా నానమ్మ సంతోషమ్మ దగ్గర అంటుకున్నవే.

నా చిన్నతనంలో మేము ఈ దేశంలోనే తుబ్లీలో ఉండేవాళ్ళం. ఒక పాత విల్లా డాబా మీద ఇంటివాడు ఎప్పుడో లేపిన రెండు గదులూ, ఉత్తరం వైపు వంటిల్లూ, మా కాపురం. నాన్న ఏసీలు బాగుచేసే వర్క్‌షాపులో మెకానిక్కు, అమ్మ ఒక క్లినిక్కులో నర్సు. సాయంత్రం మెట్ల మీదినుంచి గ్రీజు వాసన వస్తే నాన్న, స్పిరిట్ వాసన వస్తే అమ్మ. ఆ ఇంట్లో చెప్పుకోదగిన వస్తువు ఒక్కటే, తలుపు. ఇంటివాడు పెట్టిన తలుపు అట్టముక్కలా ఉండేది. మా తాత వడ్రంగి. ఆ చెయ్యి నాన్నకీ కొంచెం వచ్చింది. ఓడలో యంత్రాలు వచ్చిన పెట్టెల చెక్కలు తెచ్చి, సెలవురోజుల్లో కూర్చుని, మందపాటి తలుపు చేసి, ఇత్తడి గొళ్ళెం బిగించాడు. నానమ్మ వస్తోందని తెలిశాక దాని మీద నీలం రంగుతో, తెలుగులో, చేరెడంత అక్షరాలతో 'ప్రభుదాసు' అని తన పేరు రాశాడు. తుబ్లీలో ఇళ్ళన్నీ ఒకేలా ఉంటాయి, నానమ్మకి తెలుగు తప్ప మరొకటి చదవడం రాదు, వీధిలోకి వెళ్ళి దారి తప్పితే ఎలా అని ఆయన దిగులు.

నానమ్మ విజిట్ వీసా మీద వచ్చింది. పెట్టెలో రెండు చీరలు, మిగతా అంతా ఎండుచేపలు. వచ్చిన వారానికల్లా ఏసీ వేస్తే చాలు, మా ఊరి సముద్రపొడ్డు వాసన గదంతా చల్లగా తిరిగేది. ఇక్కడ సెలవు శుక్రవారం కాబట్టి మా తెలుగు సహవాసం ప్రార్థనకి ఆ రోజే కూడుకుంటుందని తెలిసి ఆమె చాలా కలవరపడింది. "ఈ దేశంలో ఆదివారం శుక్రవారం నాడు వస్తందంట" అని ఊరికి ఫోను చేసి మరీ చెప్పింది. పొద్దున్నే లేచి డాబా పిట్టగోడ దగ్గర నిలబడి సముద్రం వైపు ముక్కు ఎగరేసి వాసన చూసేది. వాళ్ళ ఊరు తుఫాన్ల దారిలో ఉంది. తాతని తీసుకుపోయింది కూడా తుఫానే. గొడ్ల తాళ్ళు ఇప్పడానికి పాక వైపు వెళ్ళిన మనిషి మళ్ళీ రాలేదు. నాన్నకి అప్పుడు ఊహ కూడా తెలియదు. అందుకని వాతావరణం సంగతిలో మా ఇంట్లో నానమ్మ మాటకి ఎదురులేదు.

ఒకరోజు మధ్యాహ్నం భోజనాల వేళ ఆమె పిట్టగోడ దగ్గరి నుంచి గబగబా లోపలికి వచ్చింది. "సముద్రం వాసన మారింది. పెద్దగాలి వస్తంది" అంది.

"తుబ్లీ సముద్రం వాసన ఎప్పుడూ అంతే అత్తయ్యా. పక్కన మురుగునీళ్ళు కలుస్తాయి" అంది అమ్మ, అన్నం వడ్డిస్తూ.

కానీ నాన్న అప్పటికే కంచం ముందు నుంచి లేచాడు. ఏసీ డక్టుల్లో గాలి ఎటుపోయి ఎటొస్తుందో తెలిసిన మనిషి, వాళ్ళమ్మ నోట పెద్దగాలి అన్న మాట వినగానే పసివాడైపోయాడు. ఇక ఆమె ఆజ్ఞలు మొదలయ్యాయి. బియ్యం బస్తా బీరువా మీదికెక్కింది. అగ్గిపెట్టె స్టీలు డబ్బాలోకి, డబ్బా నీళ్ళబిందెలోకి వెళ్ళాయి. నన్ను పాతచీరతో మంచం కోడుకి కట్టేశారు. "గొడ్ల తాళ్ళు ఇప్పేసి రా" అంది నాన్నతో. "గొడ్లెక్కడివమ్మా ఇక్కడ?" అన్నాడు. "ఉన్నదేందో దాన్ని ఇప్పు. కట్టేసి చంపబాకు" అని గట్టిగా అంది. ఆయన కాసేపు ఆలోచించి, కిందికి పోయి, రేకుల షెడ్డు కింద ఉన్న మా పాత కారుని తీసుకెళ్ళి ఖాళీ స్థలంలో వదిలేసి వచ్చాడు. ఆ షెడ్డు ఆ సాయంత్రమే కూలింది. ఆ రోజు మేము చేసిన తెలివైన పని అదొక్కటే, అది కూడా గొడ్డు అనుకుని చేశాం.

గాలి ఉత్తరం నుంచి వచ్చింది. నానమ్మ దక్షిణం వైపున్న వీధి తలుపు తెరిచి తాడుతో కట్టమంది. "లోపలికొచ్చిన గాలి బయటికి పోవాల. దారియ్యకపోతే కప్పు లేపుకుని పోతది." వాళ్ళ ఊళ్ళో తాటాకు ఇళ్ళకి అది నిఖార్సయిన శాస్త్రం. మా ఇంటికి ఉన్నది జానెడు మందం కాంక్రీటు స్లాబు. అమ్మ ఆ సంగతి చెప్పబోయింది గానీ వంటింటి కిటికీ అద్దం అప్పుడే భళ్ళున పగిలింది, గాలి ఇంట్లోకి జొరబడి, నానమ్మ చూపించిన దారినే బయటికి పోయింది. పోతూ పోతూ గిన్నెల మూతలు, నాన్న లుంగీలు, అమ్మ తెల్ల యూనిఫాం, గోడమీది క్యాలెండరు తీసుకుపోయింది. ఆఖరికి తాడు తెగింది. తలుపు ఒక్కసారి గోడకి కొట్టుకుని, మడత బందులు ఊడి, పిట్టగోడ మీదుగా అవతలికి దాటిపోయింది. మంచం కోడుకి కట్టేసి ఉన్న నాకు మా నాన్న పేరు తలకిందులుగా పైకి లేచి కనబడకుండా పోవడం కనిపించింది. నాన్న గోడ పట్టుకుని, "అమ్మా, తలుపు!" అని అరిచాడు.

"తలుపు పోతే పోయింది. కప్పు నిలబడిందా లేదా?" అంది నానమ్మ, పైకి చూపిస్తూ. కప్పు నిలబడింది.

కొంతసేపటికి గాలి ఆగింది. అమ్మ చీపురు తీయబోతే నానమ్మ చెయ్యి పట్టుకుంది. "ఆగు. ఇప్పుడు ఎనక గాలి వస్తది." తుఫానుకి అలా రెండు గాలులు ఉంటాయట, పోయేదొకటి, తిరిగొచ్చేదొకటి. బహ్రెయిన్ గాలికి ఆ పద్ధతులేమీ తెలియకపోవచ్చు గానీ మా ఖర్మకొద్దీ అది నిజంగానే దక్షిణానికి తిరిగింది, కుండపోతగా వాన తెచ్చింది. ఆ వానలో డాబా మీద ధడేల్మని చప్పుడైంది. వెళ్ళి చూస్తే ఒక తలుపు. మాది కాదు. సొట్టలు పడ్డ రేకు తలుపు, ఆకుపచ్చ రంగు వేసింది, గొళ్ళెం ఉండాల్సిన చోట ఒట్టి బెజ్జం. గాలి ఒక తలుపు పట్టుకుపోయి ఇంకో తలుపు తెచ్చిచ్చింది. నాన్న ఆనందం ఇంతా అంతా కాదు. వాన వెలవగానే స్క్రూలు, డ్రిల్లు పట్టుకుని వచ్చాడు.

నానమ్మ ఆ రేకు తలుపుకి అడ్డంగా నిలబడింది. "దాని మీద చెయ్యి ఎయ్యబాకు."

"అమ్మా, మనకి తలుపు లేదు. ఇది ఊరికే వచ్చింది."

"ఊరికే ఎవరింటికీ తలుపు రాదురా. ఎవరింటి నుంచో పోతేనే వస్తది."

అప్పుడు చెప్పింది, నాన్నకి కూడా అంతకుముందు ఎప్పుడూ చెప్పని మాట. తాత పోయిన తుఫానులో ఇల్లు గోడలతో సహా కరిగిపోయింది. తాత పెళ్ళికి ముందే వేపచెక్కతో తయారుచేసి పెట్టుకున్న తలుపు ఒకటి ఉండేది, అదీ కొట్టుకుపోయింది. కొన్నాళ్ళకి పక్క ఊరి చర్చికి వెళ్తుంటే దారిలో ఒకరింటికి ఆ తలుపు బిగించి కనిపించింది. తాత ఉలి పెట్టి చెక్కిన తామరపువ్వు, గొళ్ళెం దగ్గర గొలుసు దూరే గుండ్రటి బెజ్జం, అంతా అలాగే ఉంది. తాత తాలూకు వస్తువు ఈ లోకంలో అదొక్కటే మిగిలింది. ఆమె అడగలేదు. అడిగితే, ఇది మీదని రుజువేంటి, పోవమ్మా అంటారేమోనని భయం. ఆ మాట పడ్డాక మళ్ళీ ఆ వీధిన ఎలా నడుస్తాను అనుకుంది. అందుకని వెళ్ళేటప్పుడు ఆ ఇంటివాళ్ళని కడుపారా తిట్టుకుంటూ, చర్చిలో ఆ తిట్లకి క్షమాపణ చెప్పుకుంటూ, తిరిగొచ్చేటప్పుడు తలుపుని కళ్ళారా చూసుకుంటూ, ఏళ్ళకేళ్ళు ప్రతి ఆదివారమూ ఆ దారినే నడిచింది. "మా తలుపు ఇంకోళ్ళ గుమ్మానికి ఏలాడతంటే ఎట్టా ఉంటదో నాకు తెలుసు. నేను ఆళ్ళలా చెయ్యను. దీని మనిషి వచ్చేదాకా ఇది ఇట్టానే ఉంటది" అంది. నాన్న డ్రిల్లు కింద పెట్టేశాడు.

కనుక మేము, పక్కనే చక్కటి తలుపు గోడకి ఆనించి ఉండగా, గుమ్మానికి చీర వేలాడదీసుకుని కాపురం చేశాం. అమ్మ గులాబీరంగు చీర. దానికి తాళం వేయడం ఎలా అని నాన్న ఒక పూటంతా ఆలోచించాడు. వీధిపిల్లి మా ఇంటి మనిషైపోయింది, ఎండుచేపల జోరులో బంధువులని కూడా తీసుకొచ్చేది. సహవాసంలో పాటలు పాడించే మార్తమ్మ ఆంటీ మమ్మల్ని పరామర్శించడానికి వచ్చింది. చీర మీద తలుపు తట్టడం కుదరదు కదా, పక్కనున్న రేకు తలుపు మీద టకటకమని కొట్టి నిలబడింది. మేము చీర ఎత్తి లోపలికి పిలిచాం. తర్వాత వచ్చినవాళ్ళందరూ అదే చేశారు. కొట్టడానికి ఒక తలుపు, తెరవడానికి ఒక తలుపు. ఇంట్లో ఇసుక మాత్రం ఎంత ఊడ్చినా పోలేదు. చాపల కింద, దిండుగలేబుల్లో, ఆవకాయ జాడీ మూత అంచున, ఎక్కడ చెయ్యి పెడితే అక్కడ తగిలేది.

నానమ్మ రోజూ నా చెయ్యి పట్టుకుని తలుపు యజమాని కోసం వీధులన్నీ తిరిగింది. ఆమెకి వచ్చింది తెలుగొక్కటే, అడగవలసింది లోకాన్నంతా. అందుకని రెండు చేతులతో గాలిలో తలుపు గీసి, దాన్ని తెరిచి, మూసి, "మీదా?" అనేది. కిరాణా కొట్టు మలయాళీ అన్న, తనది కాదు గానీ కోళ్ళగూటికి బాగుంటుంది, ఇచ్చేయమన్నాడు. ఇంటివాడి తల్లి, బురఖాలో ఉన్న ముసలావిడ, నానమ్మ చేతుల తీరు చూసి, పాపం మతి చలించిందనుకుని, ఖర్జూరాలు పెట్టి, తల నిమిరి పంపింది. మా ఇంటికి దక్షిణాన, పక్కవీధి గోడకవతల కూలిపనివాళ్ళ క్యాంపు ఉండేది. అక్కడి గేటు దాకా వెళ్ళాం గానీ పగలంతా మనుషులు డ్యూటీల్లో ఉండేవాళ్ళు, ఎప్పుడు చూసినా ఖాళీ.

శుక్రవారం పొద్దున ప్రార్థనకి బయలుదేరాం. నాన్న కారు తీసే లోపల నానమ్మ, నేను ముందు నడిచాం. క్యాంపు గోడ పక్కగా వెళ్తుంటే లోపలినుంచి తెలుగు వినిపించింది.

"అరేయ్, ప్రభుదాసు ఖాళీగున్నడా?"

"యాడ ఖాళీ? గంట సేపటిసంది నర్సయ్య ప్రభుదాసుల కూసున్నడు."

"గట్టిగ తన్నురా ప్రభుదాసుని. నాకు ఆగుతలేదు."

నానమ్మ ఆగిపోయింది. ముఖం కత్తివాటుకి నెత్తురు లేనట్టయింది. "నా బిడ్డని తంతారంటా!" అని నా చెయ్యి వదిలేసి గేటు తోసుకుని లోపలికి పోయింది. నేను వెనకాల పరుగెత్తాను. లోపల బక్కెట్లు, తువ్వాళ్ళతో మగవాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. వరస చివర మరుగుదొడ్డి. మరుగుదొడ్డికి మా తలుపు. గుమ్మం కన్నా చాలా పెద్దది కావడంతో తీగలతో కట్టి నిలబెట్టారు. దాని మీద నీలం రంగులో మా నాన్న పేరు.

"అది మా తలుపు!" అంది నానమ్మ. "మా అబ్బాయి చేసింది. ఇచ్చెయ్యండి."

వరసంతా బిత్తరపోయింది. అందరిలోకి పెద్దాయన, నెరిసిన మీసాల మనిషి, ముందుకు వచ్చాడు. "అవ్వా, గిది మీదా? మేము వారం సంది ఎదుకుతున్నం. కనబడ్డ తెలుగోణ్ణల్లా అడిగినం, ప్రభుదాసు ఎవలు భాయ్ అని. ఎవ్వలు చెప్పకపాయె." నిజమే, నాన్నని తుబ్లీలో అందరూ ఏసీ దాస్ అనేవాళ్ళు. "తలుపు పెద్దగైంది, జర కోస్తె పడ్తదని పోరగాళ్ళు అన్నరు. నేనే వద్దన్న. పేరు రాసున్న సామాను, ఒకరి ఇల్లిది, కొయ్యొద్దన్న."

"అయితే ఇప్పుడే ఇచ్చెయ్యండి."

"ఇప్పుడా? లోపట మనిషున్నడవ్వా!"

"మనిషిని మీరే ఉంచుకోండి. తలుపు ఇవ్వండి."

లోపల్నుంచి నర్సయ్య, "అవ్వా, నీ కాల్మొక్త, జర ఆగు!" అని మొత్తుకున్నాడు. అందరూ గొల్లుమన్నారు. నానమ్మకి నవ్వు రాలేదు. ఆ పెద్దాయన పేరు రాజమల్లు, కరీంనగర్ దిక్కు మనిషి. నానమ్మ కళ్ళ వెంట నీళ్ళు చూసి నవ్వు ఆపేశాడు. నర్సయ్య బయటపడగానే తానే కటింగ్‌ప్లయరు తెచ్చి తీగలు కత్తిరించాడు. తలుపుని బక్కెట్టు నీళ్ళతో, సబ్బుతో, రెండుసార్లు కడిగించాడు. అప్పుడు నానమ్మ రేకు తలుపు సంగతి చెప్పింది. ఆకుపచ్చ రంగు, గొళ్ళెం లేదు అనగానే క్యాంపంతా, "మాదే! మాదే!" అంది.

అలా ఆ శుక్రవారం తుబ్లీలో రెండు తలుపులు ఊరేగాయి. నలుగురు మా తలుపుని భుజాల మీద మోస్తూ ఇటు, కబురందుకున్న నాన్న, ఇంకో ఇద్దరు రేకు తలుపు మోస్తూ అటు. వీధి మధ్యలో ఎదురుపడి, దారి చాలక రెండూ ఇరుక్కున్నాయి. "యల్లా యల్లా" అంటూ రాజమల్లు రెండు వైపులా అదిలించాడు. కార్లో వెళ్తున్న ఒక బహ్రెయినీ పెద్దాయన, శవాన్ని మోస్తున్నారనుకున్నాడేమో, ఆపి దిగి, తలపాగా సర్దుకుని, మౌనంగా కొంతదూరం వెంట నడిచాడు. దగ్గరికొచ్చి చూసి, తలుపని తెలిశాక కూడా మర్యాదకి ఒక చెయ్యి వేశాడు. ఆ రోజు ప్రార్థనకి మేము వెళ్ళనేలేదు. అమ్మ అందరికీ చాయ్ పెట్టింది. నాన్న తన దగ్గరున్న ఇత్తడి గొళ్ళెం ఇంకొకటి వెతికి, క్యాంపుకి వెళ్ళి, రేకు తలుపుకి బిగించి వచ్చాడు. ఆ తర్వాత కూడా చాలాకాలం వాళ్ళు దాన్ని ప్రభుదాసు అనే పిలిచారని రాజమల్లే చెప్పి నవ్వేవాడు.

అందరూ వెళ్ళాక నానమ్మ తలుపు పక్కన నేల మీద కూర్చుంది. వెళ్ళి ఒళ్ళో పడుకున్నాను. ఆమె నా జుట్టులో వేళ్ళు పోనిచ్చి ఊరికే తలుపు వంక చూస్తోంది. "అమ్మా, తలుపు దొరికిందిగా, ఇంకా ఏడుపెందుకు?" అన్నాడు నాన్న.

"అడగంగానే ఇచ్చేశారురా" అంది. నీలం అక్షరాల మీద చెయ్యి వేసింది. తర్వాత, "ఆ పక్కూరోళ్ళూ అడిగితే ఇచ్చేవోళ్ళేనేమో" అంది. నాన్న ఆమె పక్కన చతికిలబడ్డాడు.

వీసా గడువయ్యాక నానమ్మ వెళ్ళిపోయింది. కొన్నాళ్ళకి ఊరి ఎస్.టి.డి. బూతు నుంచి ఫోను. "అడిగాను రా ప్రభుదాసూ!" అని అరుస్తోంది, మాకు గదంతా వినిపించేలా. ఆ ఇంటివాళ్ళు ఎప్పుడో ఇనుప తలుపు పెట్టుకున్నారట. తాత తలుపు దూడలకి అడ్డంగా పాకలో పడి ఉందట. ఆ ఇంటి ముసలమ్మ, "మీదేనని మాకు మొదటినుంచీ తెలుసు. అడగందే అమ్మయినా పెట్టదు గదా వదినా. నువ్వు అడగలేదు, మేం ఇవ్వలేదు" అందట. ఆదివారానికొకసారి తిట్టించుకున్న మనిషి చివరికి మజ్జిగ ఇచ్చి, బండి కట్టించి తలుపు పంపింది. మన ఇంటికి తలుపుందిగా, దాన్నేం చేస్తావమ్మా అని నాన్న అడిగాడు. ఇటుకలు పేర్చి దాని మీద పడుకుంటున్నాను అంది. పరుపు కొనిస్తామంటే వద్దంది. ఆమె మంచం అదే, చివరిదాకా.

తుబ్లీలో ఆ విల్లా ఇప్పుడు లేదు. క్యాంపు కూడా లేదు, అక్కడ కార్ల షోరూము వచ్చింది. మొన్నటి ఆకుపచ్చ కుర్చీని ఫొటో తీసి మా బిల్డింగు వాట్సాప్ గ్రూపులో పెట్టాను. బోలెడు బొటనవేళ్ళు వచ్చాయి, మనిషి రాలేదు. దాంతో కుర్చీ చంకన పెట్టుకుని ఒక్కో అంతస్తూ దిగి తలుపులు తడుతున్నాను. చాలామంది తెరవరు. తెరిచినవాళ్ళు గొలుసు తీయకుండా సందులోంచి చూస్తారు, అమ్మడానికి వచ్చాననుకుంటారు. మంచి తలుపులు, గట్టి తలుపులు, దేని మీదా ఎవరి పేరూ లేదు, అంకెలే. మా ఆయనకి సిగ్గుగా ఉంది. నేను ఇంకా తిరుగుతూనే ఉన్నాను.

నానమ్మ పోయినప్పుడు నాన్న, నేను వెళ్ళాం. సమాధి పెట్టెకి పైమూత ఆ తలుపుతోనే చేయమని ఆమె ముందే అందరికీ చెప్పి ఉంచింది. వరసకి నాన్నకి బాబాయి అయ్యే వడ్రంగి దాన్ని కొలిచి, పక్కలు కోసి, తామరపువ్వు సరిగ్గా గుండెల మీదికి వచ్చేలా కూర్చాడు. అన్నీ అయ్యాక గొలుసు దూరే పాత బెజ్జం ఒకటి మిగిలింది. చెక్కముక్క చెక్కి దానికి బిరడా పెట్టబోతుంటే నాన్న ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"వదిలెయ్ బాబాయ్" అన్నాడు. "గాలికి దారుండాల."